అడిగి దిగిన ఒడ్డు

కెయిర్న్స్,
జూన్ 8, 2025

లాస్యా,

క్షేమంగా చేరాను. ఇక్కడ చలి లేదు. మెల్‌బోర్న్‌లో వేసుకొచ్చిన కోటు చేతిమీద వేసుకుని తిరుగుతుంటే అందరూ వింతగా చూస్తున్నారు.

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని అనుకుంటావేమో. ఎయిర్‌పోర్టుకి వస్తూ కారులో మన ముగ్గురి మధ్య జరిగింది నా చెవుల్లో ఇంకా అలాగే ఉంది. సాకేత్ అరిచాడు, నేను అరిచాను, నువ్వు ఏడ్చావు. ఫోన్ ఎత్తితే మళ్ళీ అదే మొదలవుతుంది. కాగితం మీద అరవడం కష్టం. పైగా రేపటి నుంచి ఓడలో మా ఫోన్లన్నీ కెప్టెన్ విల్లెమ్ పెట్టెలో పెట్టి తాళం వేస్తాడట. ప్రాణం మీదికొస్తే తప్ప శాటిలైట్ ఫోన్ ముట్టుకోకూడదు. నా కొడుక్కి తెలుగు చదవడం నేర్పలేదు కాబట్టి ఈ ఉత్తరాలు నీకే. వాడికి ఏది చెప్పాలో, ఏది చెప్పకూడదో నువ్వే చూసుకో.

ఓడ చూశాను. నాలుగు వందల ఏళ్ళ కిందట డచ్చివాళ్ళు తిరిగిన ఓడల్లాంటిదే కావాలని పట్టుబట్టి కట్టారు. అంతా కర్ర, తాడు, తారు వాసన. పేరు డచ్చిలో ఏదో ఉంది, దానికి మన లకుముకి పిట్ట అని అర్థమట. నేను లకుముకి అనే పిలుస్తున్నాను. నా గది మన ఇంట్లో వాషింగ్ మెషీన్ పెట్టే గదికంటే చిన్నది. ఇరవైమంది దాకా ఉన్నాం. నా పని ఎవరికి దెబ్బ తగిలినా, వాంతులైనా చూడడం. అందరికీ వాంతులవుతాయని ఇప్పటికే నాకు భరోసా ఇచ్చారు.

ఇక్కడి నుంచి థర్స్‌డే ఐలండ్, తర్వాత కేప్ యార్క్ పడమటి ఒడ్డున ఒక ఊరు, వైపా, డార్విన్, చివరికి ఇండోనేసియాలో బండా దీవులు. సెప్టెంబరు నెలాఖరుకి ఇంట్లో ఉంటాను. నీ పురుడు అక్టోబరులో కదా. ఆ లెక్క చూసుకునే ఒప్పుకున్నాను, ఈ మాట కారులో ఎవరూ నన్ను చెప్పనివ్వలేదు.

"అరవై రెండేళ్ళ ఆడదానికి ఓడెందుకమ్మా?" అని అడిగాడు సాకేత్. జవాబు తెలిస్తే అప్పుడే చెప్పేదాన్ని. మీ మామయ్య ఉద్యోగం ఎక్కడంటే అక్కడికి వెళ్ళాను. బందరు నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి మౌంట్ ఐసా, తర్వాత మెల్‌బోర్న్. ఆయన్ని తప్పుపట్టడం లేదు, బాగానే బతికాం. కానీ ఏ ఊరికి వెళ్ళినా నేను వెళ్ళేసరికి అన్నీ నిర్ణయమైపోయి ఉండేవి. ఒక్కసారి నా అంతట నేను బయల్దేరాలనిపించింది. ప్రస్తుతానికి ఇంతే తోస్తోంది.

ఐరన్ మాత్రలు మానకు. టీతో కలిపి వేసుకోకు.

ఆశీస్సులతో,
శేషుకుమారి


ట్రుగనీనా,
జూన్ 19

అత్తయ్యగారికి,

లాస్య నమస్కారాలు. మీ ఉత్తరం వచ్చింది. థర్స్‌డే ఐలండ్ పోస్టాఫీసు అడ్రసుకి రాస్తున్నాను, అందుతుందనే అనుకుంటున్నాను. ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. చేతిరాత మన్నించండి.

నేను బాగానే ఉన్నాను. పొద్దున్నే పొగమంచు, వేర్‌హౌసుల వైపు పోయే ట్రక్కులు తప్ప ఏమీ కనబడవు. సాకేత్ ట్రెయిన్ పట్టుకుని వెళ్ళిపోతే సాయంత్రం దాకా నేనూ, లాప్‌టాపూ. మా అమ్మ మోకాలి ఆపరేషన్ అయింది కానీ ఇంకా కర్ర పట్టుకునే నడుస్తోంది. డాక్టరు ఇప్పుడప్పుడే విమానం ఎక్కవద్దన్నాడట. పురుడికి రాలేనని ఏడ్చింది. "మీ అత్తగారు డాక్టరమ్మ, నాకేం భయం లేదు" అని తనే అంది. ఆ అత్తగారు సముద్రంలో ఉన్నారని ఇంకా చెప్పలేదు.

గుడిలో మంగతాయారు ఆంటీ అందరి ముందూ అడిగారు: "మీ అత్తగారు క్రూజ్‌కి వెళ్ళారటగా, ఈ టైములో?" క్రూజ్ కాదండీ, ఓడలో డ్యూటీ అన్నాను. "ఇంట్లో ఏమైనా అయిందా అమ్మా?" అన్నారు. ఏం చెప్పను?

ఆ తెల్లవాళ్ళు ఎందుకు ఓడలెక్కారో మాకు స్కూల్లో చెప్పారు. వాస్కోడగామా, కాలికట్, మిరియాలు. మార్కుల కోసం బట్టీపట్టాను. మీరెందుకు ఎక్కారో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. రాత్రిళ్ళు అదే ఆలోచిస్తున్నాను. నా వల్లేనా అత్తయ్యగారూ? నా వంట నచ్చకనా? మీ వంటింట్లో డబ్బాలు నా చేతికందేలా సర్దుకున్నాను, అందుకా? అడిగితే మీరు చెప్పరు, "ఏం లేదమ్మా" అంటారు. సంవత్సరం నుంచీ "ఏం లేదమ్మా" తోనే కాపురం చేస్తున్నాను.

సరే, ఒక మంచి మాట. మీరు వచ్చేసరికి ఇంట్లో మీకొక సర్‌ప్రైజ్ ఉంటుంది. ఇప్పుడు చెప్పను.

మీ
లాస్య


థర్స్‌డే ఐలండ్,
జూలై 3

అమ్మాయ్ లాస్యా,

గాలి తప్పి రావడం ఆలస్యమైంది. పోస్టాఫీసులో నీ ఉత్తరం నాకంటే ముందే వచ్చి కూర్చుంది. రేవు గట్టు మీదే కూర్చుని చదువుకున్నాను.

ముందు నీ ప్రశ్న. నీ వల్ల కాదు. నీ వంట నాకిష్టం, చారు తప్ప. నీ చారులో పులుపు ఎక్కువ. డబ్బాల సంగతి నిజంగానే ఏం లేదమ్మా.

వాంతుల ముచ్చట ముగిసింది. ఇప్పుడు అందరికీ ఆకలి. మా వంటవాడు గ్రెగ్ యాభై ఏళ్ళవాడు, బొజ్జ, నోరు రెండూ పెద్దవే, మనసు మంచిది. అప్పటి నావికులు నెలల తరబడి ఉప్పు మాంసం, ఎండు రొట్టె తిని, పళ్ళూ పులుపూ లేక చిగుళ్ళ నుంచి నెత్తురు కారి చచ్చిపోయేవాళ్ళని ఒకరోజు నేను చెప్పాను. అది మొదలు నేను తెచ్చుకున్న ఉసిరికాయ పచ్చడి సీసా మీద పడ్డాడు. "డాక్, ఇది మందు కదా" అంటాడు. సగం మందు వాడి బొజ్జలోకే పోయింది.

సాయంత్రాలు ఓడ డెక్కు మీద కూర్చుంటే మాటలన్నీ నువ్వడిగిన దాని మీదే. అప్పటివాళ్ళు ఎందుకొచ్చారు? నీ స్కూల్లో చెప్పింది తప్పు కాదు. మిరియాలు, లవంగాలు, జాజికాయ యూరప్ చేరేసరికి చేతులు మారి మారి బంగారం ధర పలికేవి. మధ్యవాళ్ళని తప్పించి నేరుగా పండేచోటికే పోదామన్నది ఆశ. దానికి తోడు పక్క రాజు కంటే ముందు పోవాలన్న పంతం, తమ దేవుణ్ణి అందరికీ అంటగట్టాలన్న తొందర. గ్రెగ్ మాత్రం, "అవన్నీ రాజులకి. తాళ్ళు లాగినవాడు ఇంట్లో తిండిలేక వచ్చుంటాడు" అన్నాడు. అదీ నిజమే అయ్యుంటుంది.

ఒక సంగతి విను. మన బందరులో డచ్చివాళ్ళ సమాధుల పక్కనుంచే నేను రోజూ స్కూలుకి వెళ్ళేదాన్ని. బందరు వచ్చిన డచ్చివాళ్ళు ఏం చేసేవాళ్ళో ఎప్పుడూ ఆలోచించలేదు. మన వైపు నేసి అద్దిన బట్టలు కొని బండా దీవులకి పట్టుకెళ్ళి, ఆ బట్టలిచ్చి జాజికాయ కొనేవాళ్ళట. అప్పట్లో ఆ చిన్న దీవుల్లో తప్ప జాజికాయ ఇంకెక్కడా పండేది కాదు. కొన్నేళ్ళకి కొనడం కూడా దండగ అనిపించింది వాళ్ళకి. దీవుల్లో జనాన్ని చాలామందిని చంపేశారు, మిగిలినవాళ్ళలో ఎందరినో బానిసలుగా తోలుకుపోయారు. మన నేతగాళ్ళకి తమ బట్ట ఎక్కడికి పోతోందో తెలుసో లేదో. బండా ఒడ్డు నా కళ్ళతో చూడాలని ఉంది. ఎందుకో నీకు కొంచెం అర్థమై ఉంటుంది.

ఆ బండా నుంచే మొదటి డచ్చి ఓడ ఇటు వచ్చింది, బంగారం ఉందేమోనని. ఇప్పుడు మేం వెళ్ళే ఒడ్డు వెంబడే దిగింది. జాజికాయా లేదు, బంగారమూ లేదు. ఒడ్డు మీద జనంతో గొడవలయ్యాయి, ప్రాణాలు పోయాయి. పనికొచ్చేదేమీ లేదని రాసుకుని తిరిగిపోయారు. వాళ్ళు తిరుగుముఖం పట్టిన చోటికి "వెనక్కి తిరుగు" అని పేరు పెట్టారు. ఇప్పటికీ మ్యాపులో డచ్చిలో ఆ పేరే ఉంది. అక్కడ అంతకుముందే పేరుండి ఉంటుందని ఎవరికీ తోచలేదు.

మా కెప్టెన్ అలా కాదు. అక్కడి ఆదివాసీ పెద్దలకి కిందటేడే రాశాడు, "మేము రావచ్చా?" అని. రండి అన్నారు కానీ, ముందు ఒడ్డుకి దూరంగా ఆగండి, మేం పిలిచాక దిగండి అన్నారట. మా వాళ్ళలో కొందరు గొణిగారు. నాకు మాత్రం ఎంతో నచ్చింది. అడగకుండా ఒకరి గడప తొక్కి, ఆ తర్వాత ఇది మా ఇల్లే అన్నట్టు సామాన్లు సర్దుకుంటే, ఆ ఇంటివాళ్ళకి ఎలా ఉంటుంది? మంచి ఉద్దేశంతో వచ్చినా సరే, అడగాలి కదా.

కాళ్ళు వాస్తున్నాయా? వాస్తే క్లినిక్‌లో బీపీ చూపించుకో. నిర్లక్ష్యం చేయకు.

సర్‌ప్రైజ్ ఏమిటో చెప్పకూడదా?

శేషుకుమారి


ట్రుగనీనా,
జూలై 15

అత్తయ్యగారికి,

నమస్కారాలు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఓడ గురించి రాసిందంతా బాగుంది. గడప గురించి రాసింది మాత్రం ఓడ గురించి కాదని నాకర్థమైంది. నేను అంత తెలివితక్కువదాన్ని కాదు.

నిజమే. మామయ్యగారి కార్యక్రమాలైన వారానికే మేం ఫుట్‌స్క్రేలో ఇల్లు ఖాళీ చేసి మీ ఇంటికి వచ్చేశాం. మీరు ఒక్కరే అయిపోయారని సాకేత్‌కి నిద్రపట్టేది కాదు. నేను మా అమ్మకి దూరంగా ఉన్నాను, మీరైనా దగ్గరుంటారని నాకాశ. సామాన్లు సర్దుకున్నాం. అది తప్పని మీరు ఇంట్లో ఒక్కసారి అని ఉంటే సరిపోయేది. సముద్రం మధ్యకి వెళ్ళి, డచ్చివాళ్ళని అడ్డం పెట్టుకుని చెప్పాలా?

సర్‌ప్రైజ్ ఏమిటో చెప్పమన్నారుగా. ఇప్పుడు చెప్పడానికి నోరు రావడం లేదు, అయినా దాచలేను. మామయ్యగారి గది పాపాయి కోసం చేశాం. లేత పసుపు రంగు వేయించాం. పుస్తకాలన్నీ జాగ్రత్తగా పెట్టెల్లో పెట్టి గరాజ్‌లో ఉంచాం. ఆయన డెస్కు తలుపులోంచి విడదీయకుండా బయటికి రాలేదు. విడదీస్తే చెక్క ఊడిపోయింది. కౌన్సిల్ వాళ్ళ పాత సామాన్ల లారీ వస్తే ఇచ్చేశాం. మీరు ఆ గది తలుపు తెరవడమే మానేశారు కదా, చూస్తే బాధపడుతున్నారేమో, కొత్తగా ఉంటే మనసు తేలికపడుతుందనుకున్నాం.

టార్నీట్‌లో ఒక అద్దె ఇల్లు ఉందని సాకేత్ ఫ్రెండ్ వంశీధర్ చెప్పాడు. శనివారం చూసొచ్చాం. మీరు వచ్చేలోగా మారిపోతాం. మీ ఇల్లు మీకు ఖాళీగా ఉంటుంది.

కాళ్ళు కొంచెం వాస్తున్నాయి. అందరికీ వాస్తాయటగా.

లాస్య


వైపా,
ఆగస్టు 4

లాస్యా,

నీ ఉత్తరం వైపాలో నిన్న అందింది. వెంటనే రాస్తే ఏం రాసేదాన్నో తెలియదు. ఒక రాత్రి గడిచింది. ముందు ఆ ఒడ్డున ఏం జరిగిందో చెప్తాను. తర్వాత ఇంటి సంగతి.

చెప్పిన చోట లంగరు వేశాం. కనుచూపు మేర ఎర్రమట్టి గట్లు, మడ చెట్లు, తెల్లటి ఇసుక. రేడియోలో కబురొచ్చింది, ఊళ్ళో ఒకరు పోయారు, ఆ పనులయ్యేదాకా ఎవరూ దిగవద్దు, మేమే పిలుస్తాం అని. ఆగాం. రోజులు గడిచాయి. నీళ్ళు కొలత వేసి తాగుతున్నాం. మా వాళ్ళకి విసుగు మొదలైంది. "పర్మిషన్ ఇచ్చి మళ్ళీ ఇదేంటి" అని ఒకరంటే, కెప్టెన్ ఒకటే మాట, "వాళ్ళ ఊరు. ఆగుతాం."

ఒకరోజు పొద్దున గ్రెగ్ చిన్న పడవ వేసుకుని చేపలకని వెళ్ళాడు. మడ చెట్ల దగ్గర పెద్ద పీతలు కనబడ్డాయట. అందరికీ పీతల కూర పెడదామనుకున్నాడు పాపం. పడవ ఇసుక మీదికి లాగి దిగాడు. లోతులేని నీళ్ళలో ఇసుక కింద టేకు చేప ఉంది, స్టింగ్‌రే అంటారే అది. దాని తోక ముల్లు పిక్కలోకి దిగింది. వాడి అరుపు ఓడ దాకా వినిపించింది.

ఇంకో పడవలో నేనూ, కెప్టెనూ వెళ్ళాం. వెళ్ళేసరికి ఒడ్డు మీద అప్పటికే రేంజర్ల బండి ఉంది. యూనిఫాంలో ఒకతను మొసళ్ళ కోసం నీళ్ళవైపే చూస్తూ నిలబడ్డాడు. పక్కన నా వయసామె ఒకరు, నల్ల గౌను, చేతిలో కర్ర. గ్రెగ్ ఇసుకలో కూర్చుని కాలు పట్టుకుని ఏడుస్తున్నాడు. పడవ నేలకి తగిలింది. నా కాలు సగం బయట పెట్టాను. అక్కడే ఆగిపోయాను లాస్యా. నెత్తురు కనబడుతోంది, నేను డాక్టర్ని, ఇలాంటప్పుడు ఎన్నడూ ఒక్క క్షణం ఆగి ఎరగను. అయినా కాలు ముందుకు పడలేదు.

"నేను డాక్టర్ని. దిగవచ్చా?" అని అరిచాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "దిగు, దిగు. వాడు అడగలేదు, నువ్వైనా అడిగావు. తొందరగా రా" అంది.

ముల్లు ముక్క తీసి, నెత్తురాపి, వాళ్ళ బండిలో క్లినిక్‌కి తీసుకెళ్ళాం. అక్కడ నర్సు ఒక్కతే ఉంది. ఆ విషానికి వేడినీళ్ళే మందు. బకెట్ నిండా ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళు పోసి కాలు అందులో పెట్టించాం. నొప్పి తగ్గేదాకా ఆమె నా పక్కనే కూర్చుంది. పేరు డోరిన్. అందరూ ఆంటీ డోరిన్ అంటారు. అక్కడ పెద్దవాళ్ళని ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు, అచ్చం మనలాగే.

పోయింది ఆమె అన్నగారేనట. నాకు తల తీసేసినట్టయింది. "క్షమించండి, మీరు దుఃఖంలో ఉండగా వచ్చాం" అన్నాను.

"అందుకే ఆగమన్నది" అంది. కోపం లేదు గొంతులో. అలసట ఉంది. "మా పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. మొదటొచ్చిన ఆ ఓడవాళ్ళు నీళ్ళు కావాలన్నారు, చూపించారు. తర్వాత మనుషులు కావాలన్నారు. అక్కడ చెడింది. వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తర్వాత వేరేవాళ్ళు వచ్చారు, వాళ్ళు పోలేదు. ఈ నేల ఎవరిదీ కాదని రాసుకున్నారట. మా అమ్మని చిన్నప్పుడే చర్చి మిషన్ వాళ్ళ హాస్టల్‌కి తీసుకుపోయారు, మంచి చేస్తామని. వాళ్ళమ్మ కంచె అవతల నిలబడి చూసేది."

తర్వాత నన్నడిగింది: "నువ్వెక్కడి దానివి? ఎవరి పిల్లవి?" బందరులో మా మేనత్తలు అడిగినట్టే అడిగింది. చెప్పాను. ఈ దేశం వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటిందని చెప్పాను. "ఎవరు పిలిచారు?" అంది. "వీసా ఇచ్చారు" అన్నాను. ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. కానీ ఆ ప్రశ్న నాతోనే ఉండిపోయింది.

తర్వాత రెండు రోజులకి మమ్మల్ని పిలిచారు. అందరం దిగాం. కెప్టెన్ జెండా తేలేదు. గ్రెగ్ కర్రతో కుంటుకుంటూ వెళ్ళి ముందుగా డోరిన్‌కి చేతులు జోడించాడు. అది వాడికి ఎవరు నేర్పారో తెలియదు. నేను కాదు.

ఇక ఇంటి సంగతి.

గడప మాట నీ గురించి రాయలేదు. ఓడ గురించే రాశాను, ఒట్టు. నువ్వు సామాన్లు సర్దుకున్నది ఆ వాక్యం రాస్తున్నప్పుడు నా మనసులోనే లేదు. కానీ నీ ఉత్తరం చదివాక ఆలోచిస్తే, ఉందేమో. మీ మామయ్య పోయినప్పుడు నేను ఒక్కదాన్నే ఉండలేనని మీరిద్దరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. అయినా కొన్నాళ్ళు ఆ ఇంట్లో ఒంటరిగా ఏడవాలని ఉండేది. ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. చెప్పకపోవడం నా తప్పు, నీది కాదు.

గది గురించి కోపం రాలేదంటే అబద్ధం. డెస్కు మాట దగ్గర ఉత్తరం మూసేసి చాలాసేపు బయట తిరిగొచ్చాను. ఆ గది తలుపు తెరవనిది బాధకి కాదు. మూసి ఉంటే లోపల ఆయన ఉన్నట్టుండేది.

టార్నీట్ సంగతి మీ ఇష్టం. వెళ్ళాలని ఉంటే వెళ్ళండి. నేను వెళ్ళగొట్టానని మాత్రం వెళ్ళకండి.

కాళ్ళ వాపు అందరికీ ఉంటుంది, నిజమే. కొందరికి బీపీతో వస్తుంది. ఈ ఉత్తరం అందిన రోజే చూపించుకో. డార్విన్‌కి రాయి.

అత్తయ్య


వెర్రిబీ ఆసుపత్రి,
ఆగస్టు 14

అత్తయ్యగారికి,

పైన అడ్రసు చూసి కంగారుపడకండి. మీ ఉత్తరం సోమవారం వచ్చింది. మంగళవారం క్లినిక్‌కి వెళ్ళాను. బీపీ చూసి నేరుగా ఇక్కడికి పంపారు. మాత్రలు మొదలుపెట్టారు. రోజూ బిడ్డ గుండె వింటున్నారు, బాగుందంటున్నారు. ముప్ఫై ఒకటో వారం. ఎంతదాకా ఆగగలిగితే అంత మంచిదంటున్నారు. మీరు ఆ ఒక్క ముక్క రాయకపోతే నేను వెళ్ళేదాన్ని కాదు.

సాకేత్ ఓడకి శాటిలైట్ ఫోన్ చేయిస్తానన్నాడు. వద్దన్నాను. "ప్రాణం మీదికొస్తే కదా చేయాలి, ఇంకా రాలేదు" అన్నాను. తనకి చాలా కోపమొచ్చింది. ఆ కోపంలో, "Then what did she write? Read it to me" అన్నాడు. చదివి వినిపించాను. ఒక్కో వాక్యం చదివి, అర్థంకాని చోట ఇంగ్లీషులో చెప్పాను. డెస్కు మాట దగ్గరికొచ్చేసరికి ఆపమన్నాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. మామయ్యగారు పోయినప్పుడు కూడా తను ఏడవలేదు అత్తయ్యగారూ. అన్ని పనులూ చేశాడు, అందరికీ ఫోన్లు చేశాడు, మా సామాన్లు సర్దాడు. ఇప్పుడు ఏడ్చాడు. "I couldn't stand that room being shut. I thought I was fixing it" అన్నాడు. అదే మీకు రాయమన్నాడు.

నేనూ అదే రాస్తున్నాను. మిమ్మల్ని అడిగి ఉండాల్సింది. డెస్కు తిరిగి రాదు.

టార్నీట్ ఇల్లు వద్దనుకున్నాం. మీ మీద అలిగి మారడం తప్ప దానికి వేరే కారణం లేదు. పైగా అక్కడ వంటింట్లో నిలబడితే కిటికీలోంచి పక్కింటి గోడ తప్ప ఏమీ కనబడదు.

ఇప్పుడు ఒకటి అడుగుతాను. మీరు బండా చూడాలని ఎంత ఆశపడుతున్నారో నాకు తెలుసు. అందుకే రావాలి అనడం లేదు. కోడలు కదా, పురుడు కదా, రావద్దా అని అనడం లేదు. రాగలరా అని అడుగుతున్నాను. లేదంటే ఏమీ అనుకోను, నిజంగా. ఇక్కడ డాక్టర్లు మంచివాళ్ళే. కానీ వాళ్ళు ఏం చెప్పినా నాకు భయం తగ్గడం లేదు. మీరు చెప్తే తగ్గుతుందనిపిస్తోంది.

మీ
లాస్య


డార్విన్,
ఆగస్టు 23

అమ్మా లాస్యా,

నిన్ననే రేవులో దిగాం. నీ ఉత్తరం తీసుకుని పోస్టాఫీసు మెట్ల మీదే చదివి, అక్కడి నుంచే ఆసుపత్రికి ఫోన్ చేసి మీ వార్డులో మాట్లాడాను. నువ్వు నిద్రపోతున్నావన్నారు, లేపవద్దన్నాను. నీ రీడింగులన్నీ అడిగి తెలుసుకున్నాను. వాళ్ళు సరిగ్గానే చూస్తున్నారు. భయపడాల్సినంత లేదు, వదిలేయాల్సినంత తేలికా కాదు.

ఎల్లుండి విమానం. ఈ ఉత్తరం కంటే నేనే ముందు వచ్చేస్తాను. అయినా రాస్తున్నాను, ఎదురుగా కూర్చుంటే మళ్ళీ "ఏం లేదమ్మా" అంటానేమోనని.

లకుముకి నేను లేకుండానే బండా వెళ్తుంది. బాధగా ఉంది. దాచను. రాత్రి కెప్టెన్‌తో చెప్తే, "మళ్ళీ ఎప్పుడైనా" అన్నాడు. ఈ వయసులో ఆ మాటకి పెద్ద విలువ లేదని ఇద్దరికీ తెలుసు. కానీ ఎవరో నన్ను లాక్కెళ్తున్నారని అనిపించడం లేదు. నువ్వు అడిగావు, ఆలోచించుకున్నాను, వస్తున్నాను. నా పెళ్ళయినప్పటి నుంచీ ఇలా జరిగిన ప్రయాణం ఇదొక్కటే.

ఇంటి విషయం కూడా చెప్పేస్తాను. పసుపు గది పాపాయిదే. మళ్ళీ మార్చవద్దు. నాకు ముందువైపు గది కావాలి, సాకేత్ ఆఫీసు పని చేసుకునేది. అక్కడ పొద్దున ఎండ వస్తుంది. పుస్తకాల పెట్టెలు గరాజ్ నుంచి అక్కడికి చేరాలి, ఏవి ఉంచాలో ఏవి ఇచ్చేయాలో నేనే చూసుకుంటాను. నా గది తలుపు వేసి ఉంటే కొట్టి రండి. వంటింటి డబ్బాలు నువ్వు పెట్టిన చోటే ఉండనీ. వాడు గది ఇవ్వడానికి ఒప్పుకుంటాడో లేదో నువ్వే అడుగు. ఒప్పుకోకపోతే బేరమాడదాం.

ఇంకొక మాట. ఆ ఊరి క్లినిక్‌కి డాక్టరు రావడం అంతంతమాత్రం. వచ్చి కొన్ని వారాలు ఉండగలవా అని డోరిన్ అడిగించింది. నీ పురుడై, నువ్వు లేచి తిరిగాక వెళ్దామనుకుంటున్నాను. ఇప్పుడే చెప్తున్నాను, తర్వాత చెప్పలేదని అనకుండా.

గ్రెగ్ నీకు శుభాకాంక్షలు చెప్పమన్నాడు. పచ్చడి అయిపోయిందట, ఇంకో సీసా పంపమన్నాడు.

అత్తయ్య


ట్రుగనీనా,
నవంబరు 20

అత్తయ్యగారికి,

మీరు డోరిన్ ఆంటీ ఊరు వెళ్ళి రెండు వారాలైనా కాలేదు, ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది. నిశ్శబ్దం అంటే పాప ఏడుపు తప్ప. ఫోన్‌లో రోజూ మాట్లాడుకుంటున్నా, ఇప్పుడు మనం అరుచుకోవడం లేకపోయినా, ఈ సంగతి ఉత్తరంలోనే అడగాలనిపించింది.

ముందు కబుర్లు. పాప ప్రియని నిన్న క్లినిక్‌లో తూచారు, నెల ముందు పుట్టిన బిడ్డలా లేదన్నారు. బుగ్గలు వచ్చాయి. నా ఆపరేషన్ కుట్టు పూర్తిగా మానింది. ఆ రోజు ఆపరేషన్ గదిలో మీరు నా తల దగ్గర నిలబడి, అక్కడ ఏం జరుగుతోందో ఒక్కొక్కటీ తెలుగులో చెప్తూ ఉన్నారు చూడండి, మా అమ్మకి ఫోన్‌లో అదే చెప్పాను. "నేనుంటే ఏడుస్తూ కూర్చునేదాన్ని" అంది.

మంగతాయారు ఆంటీ గుడిలో మళ్ళీ పట్టుకున్నారు. "మీ అత్తగారు మళ్ళీ వెళ్ళిపోయారా?" అన్నారు. "అవునండీ, పిలిచారు, వెళ్ళారు" అన్నాను. ఆవిడ ప్రసాదం లైనులోకి వెళ్ళిపోయారు.

సాకేత్ మీ గదిలో కిటికీకి కొత్త తెర కట్టాడు. మీరు వచ్చి చూసి నచ్చకపోతే తీసేస్తాడట. ఇప్పుడు తెలుగు అక్షరాలు నేర్చుకుంటున్నాడు. "క్ష" దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాడు.

ఇప్పుడు అడగాల్సింది. వానలు వెళ్ళిపోయాక, ఇక్కడ చలి మొదలయ్యే రోజుల్లో, మేం ముగ్గురం ఆ ఊరు రావచ్చా? మిమ్మల్ని కాదు అడుగుతున్నది, డోరిన్ ఆంటీని. ఎందుకొస్తున్నారని ఆవిడ అడుగుతారని తెలుసు. నేనూ సాకేతూ దీని మీద చాలా మాట్లాడుకున్నాం. ఊరు చూడడానికని రాద్దామనుకున్నాం, అది బాగాలేదనిపించింది. పాపకి ఈ దేశం గురించి తెలియాలని అన్నాడు సాకేత్, పాపకి ఇంకా పాలు తప్ప ఏమీ తెలియదన్నాను. చివరికి మిగిలింది ఇది. ఈ నేల మీద పుట్టిన మా బిడ్డని ఈ నేల వాళ్ళలో ఒక పెద్దావిడకి చూపించి, ఇది మా పిల్ల అని చెప్పాలని ఉంది. మా పెద్దవాళ్ళకైతే అలాగే చూపిస్తాం కదా. అంతకంటే వేరే పనేం లేదు.

ఇది ఆవిడకి ఇంగ్లీషులో చదివి వినిపించండి. రమ్మంటే టికెట్లు కొంటాం. వద్దంటే ఎందుకని అడగకండి. ఆలోచించుకుంటానంటే ఎన్నాళ్ళైనా ఆలోచించుకోమనండి. మాకు తొందరేం లేదు.

మీ
లాస్య